లీజు పొడిగింపు ఎవరి హక్కు?

గడువు తీరిన లీజును పొడిగించడానికి ఒక్క సంతకం చాలు. ఆ సంతకం పెట్టే చేతికి ఆ అధికారం ఉన్నదా అని అడిగేవారే మన మధ్య కరువయ్యారు. అడగవలసిన చోట ఊరుకున్నవారిలో మేమూ ఉన్నాము కనుక ఈ వ్యాసంలోని మొదటి నింద మాపైనే వేసుకుంటున్నాము.

మా చోడవరం పరిసరాల్లో ఒక మసీదు ఉన్నది. దాని పేరు రాయము. ఇది ఆ ఒక్క మసీదుకు పరిమితమైన సంగతి కాదు. ఆ మసీదుకు రోడ్డు వైపున వరుసగా కొన్ని దుకాణాలున్నాయి. ఏనాడో ఒక దాత వక్ఫ్ చేసిన స్థలంలో, జమాఅత్ పోగుచేసిన చందాలతో లేచిన కట్టడాలవి. వాటి లీజుల గడువు ఎన్నడో తీరిపోయింది. ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక కమిటీ పెద్దలు నలుగురు ఒక మూలన కూర్చొని, పాత అద్దెకు నూటికి పది చొప్పున కలిపి, అవే లీజులను అవే పేర్లకు పొడిగిస్తూ తీర్మానం రాశారు. పత్రికలో ప్రకటన లేదు, వేలం లేదు, వక్ఫ్ బోర్డుకు ఒక ఉత్తరమైనా లేదు. “అందరూ మనవాళ్లే కదా” అన్న మాటతో పని పూర్తయింది.

ఆ దుకాణాల్లో ఒకదాని అద్దె నెలకు 400 రూపాయలు. లీజుదారు అందులో వ్యాపారం చేయడు. దానిని మరొకరికి అద్దెకిచ్చి, మసీదుకు కట్టేదానికి పదిరెట్లు మించి వసూలు చేసుకుంటాడు. అదే మసీదు ఇమాము గారు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 10,000 రూపాయల గౌరవవేతనం ఎప్పుడు జమ అవుతుందా అని బ్యాంకు పుస్తకం పట్టుకొని ఎదురుచూస్తారు. మౌజను గారికి దక్కేది 5,000. సొంత దుకాణాల వరుస ఉన్న మసీదు తన ఇమామును ప్రభుత్వ ఖజానా వైపు చూడమంటున్నదంటే లోపం ఖజానాలో వెతకవలసినది కాదు.

ఆ లీజుల్లో ఒకటి మా దగ్గరి బంధువు పేరున ఉన్నది. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినన్నాళ్లూ ఇతరుల ఫైళ్లలో గడువు తేదీల కింద ఎర్రసిరాతో గీతలు గీశాము. మా కుటుంబానికి లాభం తెచ్చిన తేదీని మాత్రం చూడనట్లు నటించాము. పదవీ విరమణ తరువాత ఆ తీర్మానాన్ని ప్రశ్నించినప్పుడు కమిటీలోని ఒక యువకుడు, “చాచా, ఇన్నేళ్లూ మీకు కనిపించలేదా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం వల్ల తప్పు ఒప్పు కాదు గనుక రాస్తున్నాము.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1995 నాటి వక్ఫ్ చట్టంలోని 56వ సెక్షన్ లీజుల గురించి చెబుతుంది. మొదట్లో మూడేళ్లకు మించిన లీజు చెల్లదన్నది నియమం. 2013 సవరణ ఆ పరిమితిని సడలించి, వాణిజ్య, విద్య, వైద్య అవసరాలకు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదంతో 30 ఏళ్ల దాకా అనుమతించింది. సాగుభూమికి మాత్రం మూడేళ్ల హద్దును అలాగే ఉంచింది. ఆ సడలింపుతో పాటు ఒక షరతు పెట్టింది. లీజు ఇచ్చే ముందు బోర్డు ఆ వివరాలను ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ పత్రికలోనూ ప్రకటించి బిడ్లు పిలవాలి. ఏడాదికి మించిన లీజు ఏదైనా బోర్డు ముందస్తు మంజూరు లేకుంటే చెల్లదు. మసీదు మూలన నలుగురు రాసుకున్న తీర్మానం ఈ షరతుల్లో దేనిని నెరవేర్చింది?

అదే 2013 సవరణ మరొక మాట కూడా చేర్చింది. వక్ఫ్ ఆస్తిని ఆక్రమించుకున్నవాడు ఎవరన్న నిర్వచనంలో, లీజు గడువు తీరిపోయిన అద్దెదారును కూడా చేర్చింది. అంటే గడువు మరునాటి ఉదయం దుకాణం తాళం తీసే లీజుదారు చట్టం దృష్టిలో ఆక్రమణదారు. పొరుగు ప్రభుత్వ శాఖ మన ఖబరస్తాన్ గోడను జరిపితే ఊరేగింపు తీస్తాము, మంచిదే. మన వరుసలో కూర్చున్న మన ఆక్రమణదారుకు మాత్రం టీ పోసి, తీర్మానం రాసి ఇస్తాము.

ఇది ఆంగ్లేయుల కాలం నుంచి వచ్చిన కాగితాల పట్టింపు అని కొందరు తీసిపారేస్తారు. వారు మన ధర్మశాస్త్రాన్ని ఒకసారి తిరగవేయాలి. ఖైబర్‌లో తనకు దక్కిన భూమిని హజ్రత్ ఉమర్ వక్ఫ్ చేసినప్పుడు దానిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు అన్నది షరతు. ఆ షరతును కాపాడటానికే హనఫీ పండితులు వక్ఫ్ ఇంటిని ఏడాదికి, సాగుభూమిని మూడేళ్లకు మించి అద్దెకు ఇవ్వరాదని తేల్చారు. దీర్ఘకాలం ఒకే చేతిలో ఉంటే చూసేవారు అతడినే యజమాని అనుకుంటారన్నది వారి భయం. సరసమైన అద్దెకు, అంటే ఉజ్రతె మిస్ల్‌కు, తగ్గించి ఇవ్వడాన్నీ వారు ఒప్పుకోలేదు. ఆ భయం నిజమైన చోట్లు చరిత్రలో ఉన్నాయి. ఉస్మానీ సామ్రాజ్యంలో కాలిపోయిన, కూలిపోయిన వక్ఫ్ కట్టడాలను బాగుచేయించేందుకు పెద్ద మొత్తం ముందుగా తీసుకొని, నామమాత్రపు వార్షిక అద్దెకు దీర్ఘకాల లీజులిచ్చే పద్ధతి వచ్చింది. ఆ లీజులు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించాయి. చివరకు వక్ఫ్‌కు పేరు మిగిలింది, ఆస్తి లీజుదారుది అయింది. మన కమిటీలు ఈ రోజు నడుస్తున్నది అదే దారిలో.

మన దేశంలో ఈ దారి ఎక్కడికి చేర్చిందో సచార్ కమిటీ 2006 నవంబరులోనే లెక్కకట్టి చెప్పింది. దేశమంతటా నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా, విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలు. పుస్తకాల్లోని విలువ దాదాపు 6,000 కోట్ల రూపాయలు. వాటిపై ఏటా వచ్చే ఆదాయం సుమారు 163 కోట్లు, అంటే నూటికి 2.7 మాత్రమే. మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లు ఉండవచ్చనీ, దానిపై నూటికి పది రాబట్టినా ఏటా 12,000 కోట్లు వస్తాయనీ ఆ కమిటీ అంచనా వేసింది. 163కూ 12,000కూ మధ్యనున్న ఆ సొమ్ములో ఎందరు పిల్లల ఫీజులు, ఎందరు వితంతువుల రేషను ఉన్నాయో లెక్కవేసుకోండి. దానిని మింగినవారిలో ప్రభుత్వాలున్నాయి, కబ్జాదారులున్నారు. 400 రూపాయల అద్దె కట్టే మన పెద్దమనుషులూ ఉన్నారు.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాము. వక్ఫ్ స్థిరాస్తి స్వాధీనం కోసం వేసే దావాలకు 1963 కాలపరిమితి చట్టం వర్తించదని 1995 చట్టంలోని 107వ సెక్షన్ చెప్పేది. నిర్లక్ష్యం చేసిన ముతవల్లీ చనిపోయినా, తరువాతి తరం లేచి అడిగే వీలు ఆ ఒక్క సెక్షన్ వల్ల మిగిలింది. 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన సవరణ చట్టం ఆ రక్షణను తీసివేసి, కాలపరిమితి చట్టమే వర్తిస్తుందన్నది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని దీనిని నిలిపివేయలేదు.

కాలపరిమితి చట్టంలోని 67వ అధికరణం ప్రకారం అద్దెదారు నుంచి ఆస్తిని తిరిగి తీసుకోవడానికి యజమానికి ఉన్న వ్యవధి, అద్దె ఒప్పందం ముగిసిన నాటి నుంచి 12 ఏళ్లు. ఆ లోపల దావా వేయని యజమాని తరువాత ఎంత ఏడ్చినా ప్రయోజనం ఉండదు. ఎన్నడో గడువు తీరిన మన లీజులకు ఈ పన్నెండేళ్లను ఏ తేదీ నుంచి లెక్కిస్తారన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. అది తేలేదాకా చేతులు ముడుచుకొని కూర్చునేవాడు తన ఇంటి గడియారం ఆగితే ఊళ్లో పొద్దు గుంకదనుకునేవాడే. నిన్నటిదాకా మన మౌనం అద్దె నష్టంతో పోయింది. నేటి నుంచి అదే మౌనం ఆస్తినే తీసుకుపోగలదు.

2025 చట్టాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. మన ఆస్తుల నిర్వహణలోకి ప్రభుత్వాన్ని చొప్పించిన చట్టమది. అయితే ఆ చట్టాన్ని సమర్థించినవారు పదేపదే చెప్పిన మాట ఏమిటి? వక్ఫ్ ఆస్తుల నిర్వహణ బాగాలేదు, ఆదాయం పేదలకు చేరడం లేదు అన్నారు. ఆ మాట వెనుక ఉద్దేశం వేరైతే కావచ్చు. దానికి సాక్ష్యం మాత్రం మన తీర్మానాల పుస్తకాలే అందించాయి. ఢిల్లీలో చట్టాన్ని ఎదిరిస్తూ, చోడవరంలో ఆ చట్టానికి సాకులు తయారుచేయడం ఒకే నోటితో చేయదగిన పనులు కావు.

మాతో వాదించినవారు చెప్పిన సమాధానాలను దాచము.

“లీజుదారులు పేదలు” అన్నారు. కొందరు నిజంగా పేదలే. దుకాణంలో తానే కూర్చొని కుట్టుమిషను తొక్కే దర్జీని, ఆ దుకాణాన్ని పైవారికి అద్దెకిచ్చి ఇంట్లో కూర్చునే పెద్దమనిషిని ఒకే గాటన కట్టడమే అన్యాయం. ఈ తేడాను మన రాష్ట్ర చట్టం వేరొక చోట గుర్తించింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టంలోని 82వ సెక్షన్, భూమిలేని పేదలు కానివారి చేతుల్లోని దేవాలయ భూముల కౌళ్లను రద్దుచేసింది. పేద ఎవరన్నదానికి కొలత పెట్టింది: రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదెకరాల మెట్టకు మించనివాడు, ఇతర ఆదాయం కూడా స్వల్పంగా ఉన్నవాడు. ఆలయ భూమికి ఉన్నపాటి వివేకం మసీదు దుకాణానికి ఎందుకు ఉండరాదు? పేదవాడి పేరు చెప్పి పెద్దవాడిని కాపాడటం దానధర్మం అనిపించుకోదు.

“కట్టడం మేమే కట్టుకున్నాము” అన్నారు మరికొందరు. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, తాను చేర్చిన కట్టడాన్ని స్థలం తన స్వాధీనంలో ఉన్నంతవరకు తొలగించుకొనిపోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. స్థలాన్ని తీసుకున్న స్థితిలో అప్పగించాలనీ చెబుతుంది. గోడ కట్టినందువల్ల కింది నేల తనదవుతుందని ఆ చట్టం ఎక్కడా అనలేదు. తక్కువ అద్దెకు దశాబ్దాలు అనుభవించినవాడు ఆ గోడ ఖర్చును ఏనాడో రాబట్టుకున్నాడు.

“గడువు తీరాక కూడా కమిటీ అద్దె తీసుకున్నది కదా, అదే పొడిగింపు” అన్నవారూ ఉన్నారు. ఇందులో కొంత నిజం ఉన్నందువల్లే ఇది ప్రమాదకరం. మామూలు అద్దె చట్టంలో, గడువు తరువాత యజమాని అద్దె పుచ్చుకుంటే ఒప్పందం నెలనెలా కొనసాగినట్లు వాదించవచ్చు. నెలనెలా సాగే అద్దె వేరు, మరో 30 ఏళ్ల లీజు వేరు. ఏమైనా మన గుమాస్తాలు రాసిచ్చే రసీదులే రేపు కోర్టులో మనపై సాక్ష్యం చెబుతాయి. గడువు తీరిన దుకాణానికి ‘అద్దె’ అని రసీదు రాయకండి. ‘వాడకానికి నష్టపరిహారం, హక్కులకు భంగం లేకుండా’ అని రాయండి. ఫైళ్లు రాసి తల నెరిసినవారు చెబుతున్న మాటగా తీసుకోండి.

ఇంగ్లండును చూపించినవారు ఒకరున్నారు. అక్కడ లీజుపై ఫ్లాటు కొన్నవారికి పొడిగింపు కోరే హక్కును 1993లోనే చట్టం ఇచ్చిందని, అదనంగా 90 ఏళ్లు లభిస్తాయని వారు చెప్పారు. నిజమే. 2024లో చేసిన చట్టం ఆ 90ని 990 చేయాలని కూడా నిర్దేశించింది. అక్కడ ఫ్లాటులో ఉన్నవాడు సొమ్ము పెట్టి కొనుక్కొని అందులోనే నివసించే గృహస్థు. ఎదుట ఉన్నది చాలాచోట్ల పెట్టుబడి కోసం భూమిని చేతిలో ఉంచుకున్న యజమాని. పొడిగింపు కోరేవాడు అతడికి లెక్కకట్టిన మూల్యం చెల్లిస్తాడు. ఇక్కడ లీజుదారుకు ఎదురుగా ఉన్నది ఏ జమీందారూ కాదు. ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్ల, మందులు కొనలేని ముసలివాడు. బలహీనుడిని కాపాడటానికి అక్కడ చేసిన ఏర్పాటును బలహీనుడి నోటికాడి కూడు లాక్కోవడానికి ఇక్కడ ఉదాహరణగా చూపరాదు.

ఫ్లాటు మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. విశాఖ వంటి నగరాల్లో స్థలం కొని ఇల్లు కట్టలేని మన యువకులు అంతస్తుల్లో వాటా కోసం వెతుకుతున్నారు. అమ్మేవాడు స్థలం లీజుదేనని, ‘పొడిగింపు మామూలే’నని చెబితే అక్కడే ఆగండి. తనకున్న దానికంటే ఎక్కువ హక్కును ఎవడూ అమ్మలేడు. వక్ఫ్ స్థలంపై లీజులో ఎనిమిదేళ్లు మిగిలి ఉంటే మీరు కొంటున్నది ఎనిమిదేళ్లనే, ఇల్లును కాదు. నిషేధిత జాబితాలో చేరిన వక్ఫ్ ఆస్తులను రిజిస్టరు చేయకుండా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ అడ్డుకుంటుంది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ జాబితా చూడనిదే బయానా ఇవ్వకండి.

మన ప్రాంతం చెరకు ప్రాంతం. చెరకు పండించే కౌలురైతుకు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద దక్కే పత్రం 11 నెలలది. చెమటోడ్చే రైతు ఏడాదికొకసారి భూయజమాని సంతకం కోసం గుమ్మం ముందు నిలబడతాడు. బెల్లం తూకం దగ్గర ప్రతి పైసాకూ అతడు లెక్క చెబుతాడు. నీడపట్టున కూర్చున్న మన లీజుదారుకు మాత్రం వేలం లేకుండా, ప్రకటన లేకుండా, తరతరాల పొడిగింపు కావాలి. ఇదే ఊళ్లో, ఇదే ఎండలో ఈ రెండు న్యాయాలు ఎలా ఇముడుతాయి?

మేము అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి మసీదు, దర్గా, ఈద్గా గోడపై ఒక పట్టిక అంటించండి. ఏ దుకాణం ఎవరి పేరున ఉన్నది, లీజు ఎప్పుడు మొదలైనది, ఎప్పుడు ముగిసినది, అద్దె ఎంత అన్నవి నమాజుకు వచ్చే ప్రతివాడూ చదవగలగాలి. గడువు తీరిన ప్రతి లీజుదారుకు రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి, ఇచ్చినట్లు రుజువు దాచండి. పొడిగింపు తీర్మానాలు మానండి, చట్టం చెప్పినట్లు బోర్డు ద్వారా బిడ్లు పిలిపించండి. తానే దుకాణం నడుపుకొనే చిన్న వ్యాపారి ఆ ధరకు సిద్ధపడితే మొదటి అవకాశం అతడికే దక్కేలా, పెంపును విడతలుగా కట్టుకొనే వీలుండేలా నిబంధన చేయమని బోర్డునూ ప్రభుత్వాన్నీ అందరం కలిసి అడుగుదాము. అద్దెకు తీసుకొని అద్దెకిచ్చేవారికి ఒక్క రోజు కూడా పొడిగించకండి. ముస్లిమైనా, హిందువైనా ఇదే కొలత ఉండాలి. కమిటీ సభ్యుడి బంధువు లీజు చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి. పెరిగిన అద్దెలో ఇమాముకు ఎంత, వితంతువులకు ఎంత, పిల్లల చదువుకు ఎంత అన్న లెక్కను మూడు నెలలకొకసారి జుమా నాడు చదివి వినిపించాలి.

కమిటీ చెప్పకపోతే అడిగే దారి ఉన్నది. వక్ఫ్ బోర్డు చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ, 2005 సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. మీ మసీదు ఆస్తుల లీజు మంజూరు ఉత్తర్వుల నకళ్లు ఇవ్వమని ఒక తెల్లకాగితం మీద రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. 2022 ఏప్రిల్ 4న మన చోడవరం విశాఖ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారినప్పుడు కాగితాలు దారితప్పడం మేము చూసినదే. మీ నకలు మీ దగ్గర ఉంటే దారితప్పిన ఫైలును మళ్లీ పుట్టించవచ్చు.

ఆ శుక్రవారం తీర్మానంపై మేము రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాము. మా బంధువు దుకాణం పేరును అందులో మొదటి వరుసలోనే రాశాము. ఆనాటి నుంచి ఆయన మాతో మాట్లాడటం లేదు. మొన్న ఈద్ నాడు ఈద్గాలో పక్కపక్కనే నిలబడి నమాజు చదివాము. సలాం చెప్పాము, ఆయన అటు తిరిగి వెళ్లిపోయారు. బాధ లేదని అనము. అయితే ఆ స్థలాన్ని వక్ఫ్ చేసిన దాతకు కూడా పిల్లలు ఉండే ఉంటారు. వారికి చెందవలసిన నేలను అల్లాహ్ పేరున విడిచిపెట్టి వెళ్లాడు. అతడి వారసులు అడగని దానిని మన వారసులకు రాసిచ్చే అధికారం మనకు ఎవరిచ్చారు?

తీర్మానం ఇంకా పుస్తకంలోనే ఉన్నది. అమలు కాలేదు, రద్దూ కాలేదు. పాఠకులారా, మీ మసీదులోనూ అటువంటి పుస్తకం ఒకటి ఉంటుంది. వచ్చే శుక్రవారం దానిని తెరిపించండి.